అక్క గుడిలో, తమ్ముడు గుమ్మంలో



సృష్టిలో ఆడ, మగ తత్వాల గురించి మాట్లాడమంటే పండితులు ముందుగా అర్ధనారీశ్వరుణ్ణి తలుచుకుంటారు. చైనావారి యిన్, యాంగ్ కూడా అలా ఒకదానికొకటి సరితూగే సగాలే. మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లోని జంట వేరు. పోలేరమ్మ, పోతురాజు ఆలుమగలు కారు, అక్కాతమ్ముళ్ళు. అక్క గుడిలో కొలువుంటే, తమ్ముడు ఎదురుగా రాయిగానో కొయ్యగానో కాపలా నిలబడతాడు. ఊరు ఆమెది. దీన్ని పల్లెటూరి అమాయకత్వమని తీసిపారేస్తే నాకు బాధ కలుగుతుంది. ఆడదాని అధికారానికి మొగుడి అండ అక్కర్లేదని చెప్పిన పెద్ద ఆలోచన ఇది.

దీని వెనక ఆదిశక్తి కథ ఉంది. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లో అచ్చువేసిన గ్రామదేవతల పుస్తకంలోనూ అలాంటి కథ ఒకటి కనిపిస్తుంది. అమ్మవారు పాలసముద్రంలో మూడు గుడ్లు పెట్టింది. మొదటిది మురిగింది, రెండోది గాలితో నిండిపోయింది, మూడోది పొదిగితే త్రిమూర్తులు పుట్టారు. పెంకులో కింది సగం భూమి, పై సగం ఆకాశం అయ్యాయి. అంటే రెండుగా చీలకముందు ఉన్నది ఒక్కతే, ఆమె తల్లి. మన పల్లెల్లో చెప్పుకునే కథ ఇంకా ముందుకు పోతుంది. తనను పెళ్ళాడమని ఆమె బిడ్డల్నే అడుగుతుంది. శివుడు ఉపాయంగా మూడో కన్ను వరంగా పుచ్చుకుని, దానితోనే ఆమెను బూడిద చేస్తాడు. ఆ బూడిద నుంచి ముగ్గురమ్మలూ గ్రామదేవతలూ పుడతారు.

నాకు ఈ ఘట్టం దగ్గర మనసు ఆగిపోతుంది. శక్తిని మగవాడు లాక్కున్న వైనాన్ని కథ దాచలేదు. ముగ్గురమ్మలకు ముగ్గురు భర్తలు దొరికారు. పోలేరమ్మ మాత్రం ఎవరి పక్కనా కూర్చోలేదు.

ఈ నేల మీద తల్లిని ఒంటరిగా కొలవడం నిన్నటి మాట కాదు. నాగార్జునకొండలో దొరికిన, లజ్జాగౌరి అని పండితులు పిలిచే మాతృమూర్తి మీద ఇక్ష్వాకు రాణి ఖండువుల శాసనం ఉంది. మూర్తి పక్కన దేవుడు లేడు. రాణి మాత్రం తాను ముత్తయిదువననీ, బిడ్డ బతికి ఉన్నదాననీ చెక్కించుకుంది. దేవతకు అక్కర్లేని భర్త మనిషికి కావలసి వచ్చాడు!

దేవతకూ ఆడమనిషికీ మధ్య ఆ దూరం ఇప్పటికీ తగ్గలేదు. పత్తి తీసేదీ, మిరపకాయలు కోసేదీ, తొడిమలు తుంచేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు ఎక్కువగా మగవాడిది. అమ్మవారి కొలుపులోనూ పొంగలి కుండ ఆడదాని నెత్తిన ఉంటుంది, కథకు వాయించే పంబ మగవాడి చేతిలో ఉంటుంది. అమ్మవారి కథను పాడేవాళ్ళ నోట విని రాసుకున్నాం సరే, పొంగలి పెట్టే ఆడవాళ్ళు ఆ కథను ఎలా చెప్పుకుంటారో ఎందరం అడిగాం? మూడో కన్ను దగ్గర వాళ్ళు ఏమంటారు? ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన స్మారకనిధి వడ్డీలో కొంత ఆ సేకరణకు కేటాయించాలని, ఆ పని ఊళ్ళో ఆడపిల్లలకే అప్పగించాలని నిర్వాహకులను కోరుతున్నాను.