కాటా మన కళ్ల ముందు, లెక్క మన చేతిలో

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా వట్లూరులో చేసిన ప్రసంగ పాఠం)



హాస్టలు నడిపేవాళ్లం కాబట్టి మేము చదువు గురించి మాట్లాడతామని అందరూ అనుకుని ఉంటారు. మేము రైతు సహకార సంఘాల గురించి మాట్లాడదామని వచ్చాం. దీనికీ చదువుకీ సంబంధం ఉంది. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం, కుక్కునూరు, వేలేరుపాడు వైపు నుంచి వచ్చే బిడ్డల హాజరు పట్టీ చూస్తే ఆ ఇంటి పంట ఎలా ఉందో మాకు అర్థమైపోతుంది. జీడిమామిడి కాపు మొదలైతే పిల్లలు తగ్గుతారు. ఇంట్లో అప్పు పెరిగిన ఏడాది, సెలవులకు వెళ్లిన పెద్దపిల్ల తిరిగి రాదు. ఫోను చేస్తే "ఈ సంవత్సరం ఇంటి దగ్గరే ఉంటుంది మేడమ్" అంటారు. ఆ మాట వెనక ఎక్కడో ఒక షావుకారు చిట్టా ఉంటుంది.

చిన్న రైతు డబ్బు మూడు చోట్ల కారిపోతుంది: అప్పు దగ్గర, కాటా దగ్గర, ధర దగ్గర. లెక్క వేసి చూద్దాం. పెట్టుబడికి 50,000 రూపాయలు నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చామనుకుందాం. నెలకు 1,500. ఎనిమిది నెలలకు 12,000. అదే డబ్బు సహకార పరపతి సంఘంలో పంట రుణంగా దొరికితే 7 శాతం వడ్డీతో ఎనిమిది నెలలకు 2,300 చిల్లర. గడువులోగా కడితే కేంద్రం రాయితీతో వడ్డీ 4 శాతానికి దిగుతుంది. తేడా తొమ్మిది వేలు దాటింది. ఒక బిడ్డ పుస్తకాలు, బట్టలు, దారి ఖర్చులు అన్నీ అందులో వస్తాయి.

ఇక కాటా. పది క్వింటాళ్ల జీడిగింజలు సంతకు తీసుకెళ్తే క్వింటాలుకు మూడు కిలోలు తరుగు తీశారనుకోండి, 30 కిలోలు పోయాయి. కిలో 110 రూపాయలు అనుకుంటే 3,300. అప్పిచ్చినవాడే కొనేవాడైతే నోరెత్తలేం. "ఈ ధరకు ఇవ్వను" అనాలంటే రెండు వారాలు సరుకు దాచుకునే చోటు కావాలి, ఆ రెండు వారాలు ఇల్లు గడిచే డబ్బు కావాలి. ఒంటరి రైతుకు ఆ రెండూ ఉండవు. వంద మంది కలిస్తే గోదాము ఉంటుంది, సొంత కాటా ఉంటుంది, లారీ నిండా సరుకు ఉంటుంది. లారీ నిండా సరుకు ఉంటే కొనేవాడే మన ఊరికి వస్తాడు. సహకారం అంటే ఇంతే, ఇందులో పెద్ద సిద్ధాంతం లేదు.

మన గిరిజనులకు ఇది కొత్త మాట కాదు. గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అని పిలుచుకునేది, 1956లో పుట్టింది. చింతపండు, కుంకుడు, తేనె, తపసి జిగురు, ఇప్ప గింజలు కొనడం, డీఆర్ డిపోల ద్వారా బియ్యం, ఉప్పు, నూనె అందించడం దాని పని. షెడ్యూల్డు ప్రాంతాల్లో వ్యాపారుల దోపిడీని ఆపడానికి 1979లో రెగ్యులేషన్ తెచ్చి అటవీ ఫలసాయం కొనే హక్కును ఆ సంస్థకే ఇచ్చారు. ఉప్పు కోసం కుంచాల కొద్దీ చింతపండు ఇచ్చుకున్న తాతల కాలంతో పోలిస్తే అది పెద్ద రక్ష. కాదనలేం.

అదే 1956లో కరీంనగర్ వైపు ముల్కనూరులో మరో సంఘం పుట్టింది. రైతు నాయకుడు అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి గారు చుట్టుపక్కల ఊళ్ల రైతులను కూడగట్టి పెట్టిన సహకార గ్రామీణ బ్యాంకు అది. అప్పు అక్కడే, ఎరువు అక్కడే, పంట అమ్మకం అక్కడే. పంట సంఘానికి తోలితే అప్పు మినహాయించుకుని మిగతాది రైతుకు ఇస్తారు. 2000లో అక్కడి ఆడవాళ్లు సొంతంగా పాల సహకార సంఘం పెట్టుకుని, సొంత బోర్డుతో నడుపుకుంటున్నారు.

రెండూ ఒకే ఏడాది పుట్టినవే. ఒకటి మన కోసం ప్రభుత్వం పెట్టింది, అధికారులు నడుపుతారు. రెండోది సభ్యులు పెట్టుకున్నది, సభ్యులే నడుపుతారు. మొదటిదాంట్లో మనం సరుకు తెచ్చేవాళ్లం. రెండోదాంట్లో రైతు యజమాని. ఈ తేడాను మన బిడ్డలకు చెప్పాలి.

గిరిజనులు అలా నడపలేరు అనేవాళ్లకు అరకు చూపిద్దాం. అక్కడి చిన్న, సన్నకారు గిరిజన కాఫీ రైతులు నాంది ఫౌండేషన్ తోడుతో పరస్పర సహాయ సహకార సంఘంగా ఏర్పడ్డారు. పండూ కాయా కలిపి దులిపి, ఇంటి ముందు ఎండబెట్టి, సంతలో వచ్చిన కాడికి అమ్మే పద్ధతి మానారు. ఎర్రగా పండిన పళ్లనే ఏరి ఒకే చోటుకు చేర్చి శుద్ధి చేయడం నేర్చారు. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2018లో అక్కడి పోటీలో ఆ కాఫీకి బంగారు పతకం వచ్చింది. 2019లో అరబికా రకం అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. చెట్టు అదే, కొండ అదే. మారింది కోత, శుద్ధి, అమ్మకం.

మరి సంఘం పెడితే చాలా? ఈ ప్రశ్నకు జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. వట్లూరుకు దక్షిణంగా కాస్త దూరం పోతే కొల్లేరు. 1970ల్లో లంక గ్రామాల మత్స్యకారులకు, దళితులకు సహకార సంఘాలు పెట్టించి, చేపల చెరువులు తవ్వించి ఇచ్చారు. మంచి ఉద్దేశమే. కానీ చెరువుకు పిల్ల, మేత, మందు అంటే పెట్టుబడి కావాలి. అది లేనివాళ్లు లీజుకు ఇచ్చారు. పైనుంచి డబ్బున్నవాళ్లు వచ్చారు. రిజిస్టరులో సంఘం పేరు అలాగే ఉంది, ఆదాయం మాత్రం వేరేవాళ్లది. చాలామంది సభ్యులు తమ చెరువు గట్టు మీదే కూలికి కుదిరారు. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో అక్రమ చెరువుల గట్లు కొట్టేశారు. లాభం ఎవరికి పోయినా, ఆ రోజు ఉపాధి పోయి వీధిన పడ్డవాళ్లలో ఆ పేదవాళ్లూ ఉన్నారు.

ఏజెన్సీలో ఇది మనకు తెలియని కథా? పట్టా మనవాళ్ల పేరున, సాగు వేరేవాళ్లది. అప్పు మనవాళ్ల పేరున, వాడకం వేరేవాళ్లది. వేలిముద్ర మాత్రం మనది. రేపు సంఘం కూడా అలాగే కావచ్చు. పేరు అరువిచ్చే అలవాటు పోనంతకాలం ఏ సంఘమూ మనల్ని కాపాడదు.

చట్టం మన వైపే ఉంది. 1995లో మన రాష్ట్రం పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది. దేశంలో అలాంటి చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే. ఆ చట్టం కింద ప్రభుత్వ వాటా లేకుండా, సభ్యులే బోర్డును ఎన్నుకుని నడుపుకోవచ్చు. 2018లో మొదలైన వన్‌ధన్ కేంద్రాల్లో దాదాపు 300 మంది సేకరణదారులు ఒక గుంపుగా చేరి అటవీ ఫలసాయాన్ని శుద్ధి చేసి, ప్యాకింగు చేసి అమ్ముకోవచ్చు. జీడిగింజను గింజగా అమ్మడం వేరు, పప్పు చేసి అమ్మడం వేరు. ఆ పప్పు ధర ఏలూరు కిరాణా కొట్టులో చూసి మన బిడ్డలే నోరెళ్లబెడతారు.

చివరిగా మూడు మాటలు మనవి చేస్తాం.

ఒకటి, సంఘంలో ఇంటి ఆడవాళ్ల పేరు కూడా రాయించండి. అడవికి పోయి ఏరేది, ఎండబెట్టేది, సంతకు మోసేది ఎక్కువగా వాళ్లే. సంతకం కూడా వాళ్లదే కావాలి.

రెండు, ఏడాదికి ఒకసారి జరిగే సర్వసభ్య సమావేశానికి పనులు మానుకునైనా వెళ్లండి. జమాఖర్చు పైకి చదివించండి. అర్థం కాకపోతే మళ్లీ చదవమనండి. అది అడుక్కోవడం కాదు, యజమాని హక్కు.

మూడు, మీ బిడ్డలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు సంఘం పాసుపుస్తకం, అమ్మకం చీటీ వాళ్ల చేతికివ్వండి. ఎనిమిదో తరగతి బిడ్డకు వడ్డీ లెక్క వచ్చు, శాతం వచ్చు, తరుగు తీసి నికర బరువు కట్టడం వచ్చు. మేము ఇక్కడ హాస్టల్లో ఆ లెక్కలు జీడిగింజల మీద, చింతపండు మీదే చేయిస్తున్నాం. మీ నోటి లెక్క, వాళ్ల రాత లెక్క రెండూ సరిపోతేనే సంతకం పెట్టండి.

అప్పు తక్కువైన ఇంటి నుంచి పిల్ల బడి మానదు. అందుకే సంఘం బాగుండాలని మీతో పాటు మేమూ కోరుకుంటున్నాం. జూన్‌లో హాస్టలు తలుపులు తెరిచేనాటికి ప్రతి బిడ్డా పెట్టె పట్టుకుని తిరిగి రావాలి. అది మీ చేతిలో ఉంది.

జై ఆదివాసీ. సెలవు.