పరాకా, అలసటా?

(ఏలూరులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



మిల్లులో ఆడమనిషి వేలు నలిగితే ముందు వినబడే మాట "పరాకుగా ఉంది" అని. మనమూ సులువుగా నమ్మేస్తాం. ఏలూరు జూటు పనిలోనైనా, తాడేపల్లిగూడెం రైసు మిల్లులోనైనా, కొల్లేటి ఒడ్డున ఐసు మర దగ్గరైనా నేను మొదట అడిగేది ఒకటే: అప్పటికి ఆమె ఎన్ని గంటలుగా నిలబడి ఉంది? తెల్లారుజామునే లేచి వంట, నీళ్లు, పిల్లల పని చూసుకుని వచ్చిన మనిషి. ఆ గంటలు ఏ హాజరుపట్టీలోనూ ఉండవు. షిఫ్టు ఆఖరికి చెయ్యి మెల్లగా కదులుతుంది, బెల్టు వేగం మాత్రం తగ్గదు.

1948 ఫ్యాక్టరీల చట్టం ఈ సంగతి గుర్తించింది. 5 గంటల పని తర్వాత అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. రోజుకు 9 గంటలు మించరాదంది. నడుస్తున్న ఇంజన్లనూ బెల్టులనూ స్త్రీలచేత తుడిపించకూడదంది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆ 9ని 10కి, 5ని 6కి పెంచాలని నిర్ణయించింది. నవంబరు 21న కేంద్రం వృత్తి భద్రతా కోడ్‌ను పాత చట్టం స్థానంలో అమల్లోకి తెచ్చింది. రాత్రి షిఫ్టులు సమానత్వమేనంటున్నారు. ఇంట్లో వంట సగం పంచుకున్నాక ఒప్పుకుంటాను.

పరిహారం అర్జీలో పని మొదలైన వేళ, చివరిసారి కూర్చున్న వేళ, దెబ్బ తగిలిన వేళ తప్పక రాయించండి. సాక్షుల మాట ఆ రోజే రాసుకోండి. వారం పోతే మేస్త్రీ మాటే మిగులుతుంది. కొంగు బిగించుకో, జడ ముడేసుకో అని చెప్పి ఊరుకోకండి. కళ్లు మూతలు పడుతున్న మనిషిని అదే కూలికి బెల్టు దగ్గర నుంచి వేరే పనికి మార్చమని అడగండి. మోటారు ఆపందే చెయ్యి పెట్టమని ఒక్కతే అంటే పని పోతుంది, పదిమందీ కలిసి అనాలి.