పెట్టె మీది పేరు, బోర్డు మీది నంబరు



పాత కంప్యూటర్ల రిపేరు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మనం చదివినప్పుడు మన బడిలో కంప్యూటర్ లేదు. కానీ 1984-85లో కేంద్రం 'క్లాస్' పథకం పెట్టి, దేశంలో కొన్ని బడులకు బీబీసీ మైక్రోలు ఇచ్చింది. అవి బ్రిటన్‌లోని ఏకార్న్ కంపెనీవి. తరవాత మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ కూడా తయారుచేసింది. స్టోరు రూములో అలాంటిది దొరికితే అందరూ మొదట చేసే పని ప్లగ్గు పెట్టడం. దయచేసి ఆ పని చేయకండి. పవర్ సప్లైలోని పాత కెపాసిటర్లు పగుళ్లిచ్చి తేమ పీల్చుకుని ఉంటాయి. కరెంటు తగిలితే గదంతా పొగే.

ముందు అది ఏ రకమో తెలుసుకోవాలి. పైన రాసింది నమ్మొద్దు. బొగ్గు ఇల్లందులో తవ్వారు, కంపెనీకి పేరేమో మన సింగరేణిది. మండలం సింగరేణి, ఆఫీసులు కారేపల్లిలో. ఇదీ అంతే. మోడల్ 'ఎ' అని ఉన్న పెట్టెలో మెమరీ పెంచి 'బి' చేసిన బోర్డు ఉండొచ్చు. 'ఫిక్స్' అని గుర్తున్న నాలుగు స్క్రూలు విప్పితే మూత వస్తుంది. బోర్డు మీద ఇష్యూ 3, 4, 7 అని అచ్చు వేసి ఉంటుంది. అదే అసలు పేరు.

మిషన్ బాగుచేశాక 'రిపోర్ట్' అని కొడితే 1981 అనో 1982 అనో వస్తుంది. అది బేసిక్ చిప్పు సంవత్సరమే. చిప్పు సాకెట్లో ఉంటుంది, ఎవరైనా మార్చి ఉండొచ్చు. దాన్నిబట్టి బోర్డు వయసు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

స్పెక్ట్రమ్‌కైతే మూత తీయకుండానే ఒక చిట్కా ఉంది. ఏ కీ నొక్కకుండా పోర్టు 254 చదివిస్తే ఇష్యూ 2 బోర్డు 255 అంటుంది, ఇష్యూ 3 బోర్డు 191 అంటుంది. ఇదెందుకంటారా? ఒక బోర్డుకు చెప్పిన మార్పు మరో బోర్డుకు చేస్తే ఉన్నదీ పోతుంది. 48కె స్పెక్ట్రమ్ పై మెమరీలో సగమే పనిచేసే 64కె చిప్పులు వాడేవారు. ఎనిమిదింటిలోనూ ఒకే సగం మంచిదై ఉండాలి. ఆ సగం ఏదో బోర్డు మీద ఒక చిన్న తీగ చెబుతుంది. అది చూడకుండా చిప్పు మారిస్తే మిషన్ 16కె దగ్గరే ఆగిపోతుంది.

భోజనాలయ్యాక తొమ్మిదో తరగతి గదిలో ఒక బీబీసీ మైక్రో విప్పి చూపిస్తాను. స్క్రూడ్రైవర్ పిల్లల చేతికే ఇస్తాను. ప్లగ్గు మాత్రం నా సంచిలోనే ఉంటుంది.