సర్వరులకు లినక్సు నెన్నుకొనుట



పాఠశాలల పరీక్షాఫలితములు, గ్రంథాలయముల పట్టికలు, సహకార సంఘముల లెక్కలు నేడు సర్వరు అను యంత్రమునందు నిక్షిప్తములై యుండుచున్నవి. అది రాత్రింబవళ్లు విరామము లేక పనిచేయవలసినది. ఇట్టి యంత్రములలో ననేకములను నడపునది లినక్సు. దాని మూలభాగమగు కెర్నెలును 1991వ సంవత్సరమున ఫిన్లండు దేశీయుడగు లినస్ టోర్వాల్డ్సు రచింప నారంభించెను. ఆ కెర్నెలునకు వేలకొలది ఉపకరణములను జేర్చి, పరీక్షించి, యొక్కటిగా గూర్చి యిచ్చుదానికి డిస్ట్రిబ్యూషన్ అని పేరు. ఇట్టివి పెక్కులు గలవు. వీనిలో సర్వరునకు దగినది యేది యనునదియే నేటి ప్రసంగ విషయము.

ఇంటి కంప్యూటరునకు నూతనత్వము సొగసు కావచ్చును. సర్వరునకు స్థిరత్వమే భూషణము. స్థిరత్వమనగా నే మార్పును లేకుండుట కాదు. తాళపత్ర గ్రంథమున నక్షరదోషము కనబడినచో పరిష్కర్త యా యక్షరమును దిద్దును గాని పద్యమును మార్చి వ్రాయడు. దీర్ఘకాలిక సంరక్షణ గల లినక్సునందును జరుగునది యిదియే. ఉపకరణము యొక్క వెర్షను, అనగా కూర్పు, పాతదియే యుండును. అందలి భద్రతాలోపము మాత్రము సవరింపబడుచుండును. కావున కూర్పు సంఖ్యను జూచినంతనే భయపడరాదు.

క్రొత్తదానికై తొందరపడకుండుటవలని మేలు 2024 మార్చిలో వెల్లడియైనది. దస్త్రములను కుదించు ఎక్స్‌జెడ్ అను నుపకరణము యొక్క నూతన కూర్పులలో, దూరమునుండి యంత్రమును వశపఱచుకొనుటకు వీలగు రహస్యద్వారము చొప్పింపబడెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను నింజనీరు, సర్వరులోనికి బ్రవేశించుటకు సుమారు అర సెకను అధికముగా బట్టుటను గమనించి, శోధించి, గుట్టు బయలుపెట్టెను. అప్పటికది డెబియన్ వారి ప్రయోగశాఖలను జేరెను గాని స్థిరశాఖను జేరలేదు.

అయినను పాతదనమొక్కటియే చాలదు. దిద్దువారెవరు, ఎన్నియేండ్లు దిద్దుదురు అని విచారింపవలయును. 1993లో నారంభమైన డెబియన్, రమారమి రెండేండ్లకొక స్థిరమైన కూర్పును వెలువరించును. దానికి మూడేండ్లు పూర్తి సంరక్షణయు, ఆపై రెండేండ్లు దీర్ఘకాలిక సంరక్షణయు గలవు. 2023 జూన్ 10న వెలువడిన డెబియన్ 12నకు 2028 జూన్ వఱకు గడువు. ఉబుంటు సరిసంఖ్య గల సంవత్సరముల ఏప్రిలులో దీర్ఘకాలిక కూర్పు నిచ్చును. దాని గడువు ఐదేండ్లు. నడుమ వచ్చు కూర్పులకు తొమ్మిది నెలలే యగుటచే అవి సర్వరునకు దగవు. రెడ్ హ్యాట్ వారి ఎంటర్‌ప్రైజు లినక్సునకు పదేండ్ల గడువు. సహాయమునకు మూల్యము చెల్లింపవలయును.

ఇక నేండ్ల సంఖ్యను మాత్రమే నమ్మరాదనుటకు సెంటాస్ వృత్తాంతము చాలును. రెడ్ హ్యాట్ లినక్సునకు ఉచిత ప్రతిరూపమైన సెంటాస్ 8, 2019 సెప్టెంబరులో వెలువడెను. 2029 వఱకు సంరక్షణ గలదని తలంచి యెందఱో దాని నాశ్రయించిరి. 2020 డిసెంబరు 8న, 2021 చివరకే సంరక్షణ ముగియునని ప్రకటన వెలువడెను. పిమ్మట 2021లో ఆల్మా లినక్సు, రాకీ లినక్సు అనునవి దాని స్థానమున బుట్టెను. ఆశ్రితులు దారి తప్పలేదు గాని, కోరని ప్రయాణము చేయవలసివచ్చెను.

కావున మూడు ప్రశ్నలు వేసికొనుడు. గడువెంత? ఆ గడువును మార్చు నధికారమెవరిది? మారినచో మనము వెడలిపోవు మార్గమేది? డెబియన్ ఏ యొక్క సంస్థ సొత్తును గాదు. ముఖ్యవిషయములను సభ్యులు వోటు వేసి నిర్ణయింతురు. పనివారు కొలదిగా నున్న పాఠశాలకును గ్రంథాలయమునకును డెబియన్ గాని ఉబుంటు దీర్ఘకాలిక కూర్పు గాని చాలును. వాడవలసిన సాఫ్ట్‌వేరు రెడ్ హ్యాట్‌నకే కట్టుబడియున్నచో ఆల్మా, రాకీలను జూడుడు. యంత్రము గడియసేపు నిలిచినను కార్యహాని గలుగుచోట మూల్యము చెల్లించి సహాయమును బొందుట లోభింపదగిన వ్యయము కాదు.

చివరగా నొక్క హెచ్చరిక. సంరక్షణ ముగిసిన దినమున యంత్రము ఆగదు, అఱవదు, నిన్నటివలెనే పనిచేయును. ప్రమాదమచ్చటనే యున్నది. 2024 జూన్ 30న సెంటాస్ 7నకు గడువు తీరినది. నాటినుండి దానిలో బయటపడు లోపములకు ఉచితముగా సవరణలు రావు. కావున మీ సర్వరు గడువు తేదీని పంచాంగము ప్రక్కనే గోడపై వ్రాసి యుంచుడు. ఒక యేడాది ముందుగనే వేఱొక యంత్రముపై క్రొత్త కూర్పును బరీక్షింపుడు. సమాచారమునకు నకలు తీయుటయే గాక, ఆ నకలునుండి మఱల దానిని బొందగలుగుదురో లేదో చూచుకొనుడు. ఈ శ్రద్ధ లేనిచో నెంతటి స్థిరమైన లినక్సును మనలను గాపాడజాలదు.