కిలిమంజారో నుంచి దిగి వచ్చిన అమ్మాయి
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నన్ను సాహస క్రీడల గురించి మాట్లాడమన్నారు. నేను శిఖరాలు ఎక్కినదాన్ని కాదు. బీఈడీ చదివి, సోషల్ పాఠాలు చెప్పి, ఇప్పుడు బాలికల హాస్టల్ వార్డెన్‌గా ఉన్నాను. నాకు కాస్త తెలిసిన పెద్ద కొండ కిలిమంజారో ఒక్కటే. అదీ మా హాస్టల్ పిల్ల ఒకతె అక్కడికి వెళ్లబట్టి తెలిసింది. ఆ పిల్ల శిఖరం చేరలేదు. చేరినవాళ్ల గురించి మీరు చాలా విన్నారు కాబట్టి, ఇవాళ ఈ అమ్మాయి గురించి చెబుతాను.

మన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఆ తర్వాత మన పిల్లలు చాలామంది కొండల వైపు చూడటం మొదలుపెట్టారు. మా అమ్మాయి కూడా అలా ఎంపికైంది. సెలెక్షన్ కబురు వచ్చిన రోజు హాస్టల్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు, అంత సంబరం. ఆ రాత్రే నేను అట్లాసు తీసి కూర్చున్నాను.

కిలిమంజారో టాంజానియాలో ఉంది. ఎత్తు 5,895 మీటర్లు, ఆఫ్రికా మొత్తంలో అదే ఎత్తయినది. హిమాలయాల్లాగా వరుస కొండల్లో ఒకటి కాదు, మైదానంలోంచి ఒంటరిగా లేచిన అగ్నిపర్వతం. షిరా, మావెంజి, కిబో అని మూడు ముఖాలు దానికి. శిఖరం కిబో బిలం అంచు మీద ఉంటుంది. పేరు ఉహురు, అంటే స్వాహిలిలో స్వేచ్ఛ.

కొండ కింది వాలుల్లో చగ్గా జనం ఉంటారు. అరటి తోటలు, వాటి నీడన కాఫీ మొక్కలు. పై నుంచి వచ్చే నీళ్లను సన్న కాలువల్లో పొలాలకు మళ్లించడం వాళ్లకు తరతరాల విద్య. "మేడం, బస్సు దిగ్గానే మన పాడేరుకే వచ్చాననుకున్నాను" అంది మా అమ్మాయి. ఆ పైన దట్టమైన అడవి. అడవి దాటితే పొదలు, మొద్దు చివర క్యాబేజీ పెట్టినట్టుండే వింత చెట్లు. ఇంకా పైకి పోతే రాళ్లు, బూడిద, అంతే. మంచు అన్నిటికన్నా పైన.

భూమధ్యరేఖకు అంత దగ్గరలో మంచేమిటని మా పిల్లలు అడిగారు. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరు డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. కింద చెమటలు పట్టే రోజున కూడా పైన నీళ్లు గడ్డకడతాయి. అలాగని దారంతా మంచు ఉండదు. మార్చి నుంచి మే దాకా, మళ్లీ నవంబరులో వానలు. కింద వాన పడితే పైన మంచు పడుతుంది. జనవరి, ఫిబ్రవరి, జూన్ నుంచి అక్టోబరు పొడి నెలలు, ఎక్కేవాళ్లు ఎక్కువగా అప్పుడే వెళతారు. ఆఖరి ఎక్కుడు అర్ధరాత్రి మొదలుపెడతారు. ఎందుకంటే పగలు కాలి కింద జారిపోయే బూడిద, రాత్రి చలికి బిగుసుకుని కాస్త అడుగు నిలవనిస్తుంది.

పడే మంచు వేరు, అక్కడ ఏళ్ల తరబడి పేరుకున్న మంచుగడ్డ వేరు. ఆ గడ్డలు గోడల్లా నిలువుగా ఉంటాయి. 1912లో దాదాపు 12 చదరపు కిలోమీటర్ల మేర ఉండేవి, వందేళ్లు తిరిగేసరికి 2 కూడా మిగల్లేదు. కొత్త మంచు తెల్లగా ఉండి ఎండను తిప్పికొడుతుంది. అది తక్కువ పడితే ఎండ నేరుగా పాత గడ్డను తినేస్తుంది. కొంత నీరు కాకుండానే ఆవిరైపోతుంది. చగ్గా వాళ్ల కాలువల్లో నీరు మాత్రం ఎక్కువగా అడవిలో పడిన వానదే. కాబట్టి ఫొటోల్లో మంచునే చూడకండి, ఆ అడవిని కూడా చూడండి.

ఇక ఆ రాత్రి సంగతి. శిఖరం దగ్గర గాలి ఒత్తిడి మన సముద్ర తీరంలో ఉన్నదానిలో సగమే. ఒంటికి అలవాటు కావడానికి రోజులు కావాలి. అక్కడి గైడ్లు నిమిషానికోసారి "పోలే పోలే" అంటారట, మెల్లగా మెల్లగా అని. మా అమ్మాయి 4,700 మీటర్ల దగ్గరున్న కిబో హట్ నుంచి అర్ధరాత్రి బయలుదేరింది. 5,000 దాటాక వాంతులయ్యాయి. తలనొప్పి సాయంత్రం నుంచే ఉందట, పంపరేమోనని చెప్పలేదు. గైడు నిటారుగా నాలుగడుగులు వేయమన్నాడు, పక్కకు తూలింది. మెదడు వాస్తోందనడానికి అదొక గుర్తు. దానికి అసలు మందు కిందికి దిగడమే. ఇంకో మనిషిని తోడిచ్చి అప్పటికప్పుడు దింపేశారు. తెల్లారి కింది మజిలీలో జావ తాగింది.

తిరిగొచ్చాక ఒకచోట సన్మానం పెట్టారు. ఫ్లెక్సీలో ఈ అమ్మాయి ఫొటో లేదు. ఊళ్లో కుర్రాళ్లు "సగంలోనే వచ్చేశావంట" అన్నారు. వాళ్లనేమంటాను? నేనే మొదట అడిగిన మాట "ఇంకెంత దూరం ఉండిందమ్మా?" అని. ఒంట్లో ఎలా ఉందని అడగలేదు. మూడు నెలలు ఆ పిల్ల తన జాకెట్టు పెట్టెలోంచి తీయలేదు.

మన ఊళ్లలో రోడ్డు లేనిచోట గర్భిణిని డోలీలో మోసుకెళ్తాం. దారిలో గెడ్డ పొంగితే ఆగుతాం, తిరిగి వేరే దారి పడతాం. ఎవరైనా మనల్ని ఓడిపోయారన్నారా? కిలిమంజారోలో కూడా మోసేవాళ్లు ఉన్నారు. మనిషికి ఇరవై కిలోలకు మించి మోయించకూడదని అక్కడ నియమం. మన జెండా ఫొటో వెనక వాళ్ల వీపులు ఉన్నాయి. 1889లో మొదట ఎక్కినవాళ్లుగా హన్స్ మేయర్, పుర్షెల్లర్ పేర్లు పుస్తకాల్లో ఉంటాయి. వాళ్ల సామాను మోసినవాళ్ల కోసం మాత్రం మనమే వెతుక్కోవాలి.

మీలో ఎవరైనా వెళ్లాలనుకుంటే వెళ్లండి, నేనే సంతకం పెడతాను. అయిదు రోజుల్లో ఎక్కించి దించేస్తామనే వాళ్లను నమ్మకండి, ఏడెనిమిది రోజుల దారి పట్టండి. తలనొప్పి వస్తే దాచకండి. పక్కవాడు దాస్తే మీరు చెప్పండి, అది చాడీ కాదు.

ఆ అమ్మాయి ఇవాళ ఇక్కడే ఉంది. పేరు చెప్పొద్దంది, చెప్పను. భోజనాలయ్యాక తన బూట్లు, చేతికర్ర తెచ్చి చూపిస్తానంది. కొండ మీద బూటు లేసు ఎలా కట్టుకోవాలో నేర్పుతుంది. జాకెట్టు మాత్రం అడగకండి, ఇప్పుడు దాన్ని మా హాస్టల్ చిన్నపిల్లలు చలికాలం వంతులేసుకుని తొడుక్కుంటున్నారు.