నడివయస్సున సైకిలు సవారి
(రాజమహేంద్రవరమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు ఇదివరకే విపులముగా నుపన్యసించియున్నారు. వానితో పోల్చిన మా విషయము మిక్కిలి అల్పముగా తోపవచ్చును. సైకిలు తొక్కుటను గూర్చి మహాసభలో మాటలాడుటేమని కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుటకు ముందొక విన్నపము. మన వార్షిక సంచికల తుదిపుటలు ఒక్కసారి త్రిప్పి చూడుడు. స్వర్గస్థులైన మన బంధువుల ఛాయాచిత్రములు అందు కలవు. వానిలో అరువదియేండ్లు నిండనివారి ముఖములెన్నియో లెక్కించుడు. ఆ లెక్కయే మా యుపన్యాసమునకు కారణము.

మన డెల్టా అన్నపూర్ణయని పేరొందినది. కాటన్ దొర 1847లో ఆరంభించి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట మనకు కాలువలనిచ్చినది. కాలువలు వరిని, వరి సిరిని ఇచ్చినవి. మన తాతలు మూడు పూటలు అన్నమే తినిరి. కాని తెల్లవారకముందే గట్లవెంట నడచి, దుక్కి దున్ని, మూటలు మోసి, తిన్నదంతయు చెమటగా మార్చిరి. మనమో, వీధిచివరనున్న అంగడికిని మోటారుబండి మీదనే పోవుచున్నాము. పని తగ్గినది, పళ్లెములో అన్నము మాత్రము తగ్గలేదు. భారత వైద్య పరిశోధనా మండలివారి సహాయముతో జరిగి 2023లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము మన దేశమున 10 కోట్లకు పైగా జనులకు మధుమేహము కలదు. ఆ వ్యాధి యొక్క ముంగిట నిలిచియున్నవారు సుమారు 13 కోట్ల 60 లక్షలు.

ఆ పది కోట్లలో మేమును ఒకరము. 51వ యేట వైద్యులు మా రక్తమును పరీక్షించి, మాత్రలు వ్రాసి, శరీరమునకు పనికల్పింపుడని చెప్పిరి. నడకకు మోకాళ్లు సహకరింపలేదు. అందుచేత సైకిలు కొంటిమి. చిన్నతనమున గంటకింతయని అద్దె చెల్లించి, సీటు అందక, కడ్డీ సందున కాలు దూర్చి తొక్కినవారమే. ముప్పదియేండ్లకు పైబడి మరల నెక్కగా కాళ్లు విద్యను మరవలేదు గాని నడుము మరచినది. రెండు కిలోమీటరులకే రొప్పు వచ్చెను. మూడవదినమున కాలువగట్టు మలుపులో జారి పడితిమి. పాలక్యానులు కట్టుకొని సైకిలుపై వచ్చుచున్న యొక వృద్ధుడు మమ్ము లేవదీసి, “సీటు బాగా కిందకుందండి బాబుగారూ! అందుకే మోకాళ్లు పట్టేస్తన్నాయి” అని, తన పానాతో అక్కడనే సరిచేసి పోయెను. ఆయన మాకంటె పదియేండ్లైనను పెద్దవాడు. మా తొలి గురువు ఆయనయే.

దేహబాధ మూడు వారములలో తగ్గినది. తగ్గనిది మరియొకటి కలదు, అది సిగ్గు. టీ కొట్టు యజమాని, “ఏమండీ, కారు అమ్మేశారాండీ?” అని అడిగినాడు. ఆ రోజులలో మా కుమార్తెకు సంబంధము మాటలాడుచుంటిమి. మగపెండ్లివారు చూచిన మన స్థితిగతులను శంకింతురేమో, పెండ్లి కుదురువరకు సైకిలు లోపల పెట్టుడని మధ్యవర్తి సలహా చెప్పిరి. మా గృహిణియు కన్నీరు పెట్టుకొనినది. మేము లోబడి రెండు నెలలు సైకిలు ముట్టలేదు. తరువాత పరీక్షలో చక్కెర మరల పెరిగియుండెను. ఆ సంబంధము సైకిలువలన కుదరను లేదు, చెడను లేదు. జాతకములు కలియక పోయినది. రెండు నెలల ఆరోగ్యము మాత్రము మాది పోయినది.

సోదరులారా! సైకిలు లేనిదే అల్లుడు పీటలమీద కూర్చుండని కాలమొకటి యుండెను. సైకిలును, చేతిగడియారమును, రేడియోను కట్నపుపట్టికలో వ్రాసికొనిన తరమునకు మనము బిడ్డలము. నాడు లేకున్న పెండ్లి ఆగునని భయము. నేడు ఉన్న ఆగునని భయము. వస్తువు మారలేదు, మన డాంబికము వేషము మార్చినది. ఈ డాంబికమే మన వాళ్లను ఛాయాచిత్రముల పుటలకు చేర్చుచున్నదని మా దృఢవిశ్వాసము.

నడివయస్సున మొదలిడిన ప్రయోజనమేమని కొందరడుగుదురు. డెన్మార్కు దేశమున 50 మొదలు 65 ఏండ్ల వయస్సుగల 52 వేల పైచిలుకు స్త్రీపురుషులను పరిశీలించి 2016లో ఫలితములను ప్రకటించిరి. అంతకుముందు తొక్కక, ఆ వయస్సులో క్రొత్తగా అలవాటు చేసికొన్నవారికి మధుమేహము వచ్చు అవకాశము తొక్కనివారికంటె నూటికి సుమారు 20 వంతులు తక్కువగా కనబడినది. ఇట్టి పరిశీలన ఒక్కటే కారణమును నిస్సంశయముగా నిరూపింపజాలదు. అయినను పనిచేయు కండ రక్తములోని చక్కెరను తనలోనికి లాగికొనునన్నది శరీరశాస్త్రమెరిగిన విషయమే. సైకిలుపై దేహభారము సీటు మోయును గనుక మోకాళ్లకు నడకకంటె శ్రమ తక్కువ. వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యమశ్రమ పెద్దలకు వలయునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించినది. దినమునకు అరగంట చొప్పున ఐదు దినములు తొక్కిన కనీసము తీరును. బరువులెత్తుటవంటి కండబలపు పనియు వారమునకు రెండు దినములు ఉండవలెనని ఆ సంస్థయే చెప్పినది.

హైదరాబాదున 23 కిలోమీటరుల సైకిలుబాటను, పైన సూర్యవిద్యుత్ఫలకముల నీడతో, 2023లో తెరచిరి. మనకు ఎత్తుపల్లములు లేని కాలువగట్లున్నవి. ఒకప్రక్క నీరు, ఒకప్రక్క కొబ్బరినీడ. వేకువనే బయలుదేరిన లారీల బాధయుండదు. కొన్ని జాగ్రత్తలు మాత్రము మనవి చేయుదుము. గుండెజబ్బు, రక్తపుపోటు కలవారు వైద్యుని అడిగి మొదలిడవలెను. చక్కెర మాత్రలు మ్రింగువారు బెల్లపుముక్కయో అరటిపండో జేబులో నుంచుకొనవలెను. పెడలు అడుగునకు పోయినపుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగునట్లు సీటు నమర్పవలెను. తలకు హెల్మెటు, వెనుక ఎఱ్ఱదీపము తప్పనిసరి. పోవునపుడు గాలికెదురుగా పోవుడు. అలసి వచ్చునపుడు పైరగాలి మిమ్ము ఇంటికి తోసికొని వచ్చును. వానలలో బంకమన్ను గట్టుజోలికి పోవలదు.

సోదరీమణులకు వేరుగా ఒక మాట. తమిళనాట పుదుక్కోట జిల్లాలో 1990 తరువాత జరిగిన అక్షరాస్యతోద్యమమున వేలకొలది గ్రామీణస్త్రీలు సైకిలు నేర్చి, ఎవరి తోడును లేక తమ పనులకు తామే పోయిరి. గోదావరి ఆడుబిడ్డలు వారికి తీసిపోవువారు కారు. నాడు కన్నీరు పెట్టుకొనిన మా గృహిణియే ఇప్పుడు ఆదివారములందు మాకంటె ముందు గట్టెక్కుచున్నది.

తుదకు దాతలకు విన్నపము. పెద్దల జ్ఞాపకార్థము గోడగడియారములును, పంకాలును, పాలరాతిపలకలును మనకు చాలినన్ని వచ్చినవి. ఈ యేడు అట్టి జ్ఞాపకార్థమే మన విద్యార్థి వసతిగృహమునకు పది సైకిళ్లు ఇప్పింపుడు. వారములో ఆరు దినములు పిల్లలు కళాశాలకు పోవుదురు. ఆదివారమున పెద్దలు వానినే తొక్కుదురు. ధనవంతులు ఒక్క పర్యాయము పదిమంది చూచుచుండగా సైకిలెక్కిన చాలును. మిగిలినవారి సిగ్గు దానంతట అదియే పోవును. మీ కారును ఎవరును చిన్నచూపు చూడరు.

రేపు ఉదయము ఐదున్నర గంటలకు మేము పుష్కరాలరేవు నుండి ధవళేశ్వరము ఆనకట్టవరకు పోయి వచ్చుదుము. వేగము స్వల్పము; అలసినవారికొరకు అందరును ఆగుదురు. నాలుగు సైకిళ్లు అదనముగా సిద్ధపరచితిమి. సీటు సరిచేయుటకు పానాయు మాయొద్దనే కలదు. రాదలచినవారు రావలసినదిగా ప్రార్థించుచున్నాము.