ఇల్లు అమ్మేటప్పుడు ధర తగ్గించాలా? సౌకర్యం కల్పించాలా?
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం అనలేదు. ఆ రోజుల్లో కట్టిన ఇంట్లోనే కన్ను మూసేవారు కాబట్టి ఆ అవసరం రాలేదు. ఇప్పుడు మన పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడుతున్నారు. వయసు మీద పడ్డాక వారి దగ్గరకు పోవాలంటే ఇక్కడి ఇల్లు అమ్మక తప్పడం లేదు.

నా అనుభవమే చెబుతాను. మహబూబాబాద్‌లో నా ఇంటికి రూ. 38 లక్షలు చెప్పాను. 2016 అక్టోబరు 11న మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా కేంద్రాలైనప్పుడు విన్న రేట్లు నా తలకెక్కి ఉన్నాయి. ఎవరూ ముందుకు రాలేదు. ఏసీ, బీరువా, సోఫా ఉచితంగా వదిలేస్తానన్నాను. చూడవచ్చినవారు సోఫాలో కూర్చుని, చాయ్ తాగి వెళ్లారు. మా ఇంటావిడకు మోకాళ్ల ఆపరేషన్ అయింది, కొడుకు దగ్గరకు వెళ్లాం. ఇల్లు రెండేళ్లు తాళంతో ఉండి, దర్వాజాలకు చెదలు పట్టింది.

తప్పు ఎక్కడుందో తరువాత తెలిసింది. నేను బిల్డర్లను చూసి వాత పెట్టుకున్నాను. పండుగ వస్తే వారు మాడ్యులర్ కిచెన్ ఉచితం, బంగారు నాణెం, రిజిస్ట్రేషన్ ఖర్చు మాదే అని ప్రకటిస్తారు. ధర మాత్రం దించరు. కారణం ఉంది. వంద ఫ్లాట్లున్నవాడు ఒక్కదాని ధర దించితే మిగిలిన తొంభై తొమ్మిదింటికీ అదే ధర అడుగుతారు. ముందు కొన్నవారు కూడా తగవుకు వస్తారు. అమెరికాలో 2022లో ఇళ్ల అప్పుల వడ్డీలు బాగా పెరిగినప్పుడు అక్కడి బిల్డర్లూ చాలామంది కొనేవారి వడ్డీలో కొంత తామే భరించారు తప్ప, వీలైనంతవరకు ధర ముట్టుకోలేదు. మనకు ఉన్నది ఒకే ఇల్లు. కాపాడుకోవలసిన తొంభై తొమ్మిది మనకు లేవు. కాబట్టి ఎక్కువ చెప్పిన ధరను కానుకలతో కప్పిపుచ్చడం మనకు పనికిరాదు.

అయితే ధర సరిగా ఉన్నాక సౌకర్యానికి విలువ ఉంది. ఒక లెక్క చూడండి. ఇల్లు రూ. 30 లక్షలు. బ్యాంకు 80 శాతం అప్పు ఇస్తుందనుకుందాం. కొనేవాడు చేతినుంచి రూ. 6 లక్షలు పెట్టాలి. మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఖర్చులు 2021 జూలైలో 7.5 శాతానికి పెరిగాయి. ఆ లెక్కన మరో రూ. 2.25 లక్షలు. మనం ధరలో లక్ష తగ్గిస్తే అతని చేతి సొమ్ములో ఆ రోజు మిగిలేది రూ. 27,500 మాత్రమే. మిగిలిన లాభం నెలనెలా వాయిదాల్లో కొద్దికొద్దిగా తెలుస్తుంది. అదే లక్ష రిజిస్ట్రేషన్ ఖర్చుకు మనం కడితే అతనికి లక్షా అప్పుడే మిగులుతుంది. మనకు పోయేది రెండు విధాలా ఒక్కటే. స్టాంపు ఖర్చు సాధారణంగా కొనేవారిదే అయినా, ఇద్దరూ ఒప్పుకుంటే అమ్మేవారూ భరించవచ్చు. ఆ మాట అగ్రిమెంటులో రాయించాలి, బ్యాంకుకూ చెప్పాలి.

ఎవరికి ఏ సౌకర్యమన్నది ఊరిని బట్టి కూడా ఉంటుంది. భూపాలపల్లిలో కొనేవారు తరచుగా సింగరేణి, విద్యుత్ కేంద్రం ఉద్యోగులు. జీతం ఉంటుంది, అప్పు పుడుతుంది, చేతి సొమ్మే తక్కువ. వారికి రిజిస్ట్రేషన్ ఖర్చులో సాయం నచ్చుతుంది. మహబూబాబాద్ వైపు మిర్చి రైతుకు డబ్బు పంట అమ్మినాకే వస్తుంది. అతనికి కావలసింది గడువు. జనగామలో హైదరాబాదు దారి మీద నాలుగు ఇళ్లు పోల్చి చూసే వ్యాపారికి మాత్రం ధరే ముఖ్యం.

చివరకు నేనూ అలాగే చేశాను. ఒక్కసారే రూ. 4 లక్షలు తగ్గించి 34 చెప్పాను. పదివేలు, ఇరవైవేలు చొప్పున దిగితే ఇంకా దిగుతాడని ఎదుటివాడు ఆగుతాడు. నెల తిరక్కుండా ఒక రైతు వచ్చాడు. 32కి అడిగాడు. "పెద్దసారూ, నాలుగు నెలలు ఆగుతవా? మిర్చి అమ్మి మొత్తం ఇస్త" అన్నాడు. ఆగుతానన్నాను, 34కే ఒప్పుకున్నాడు. మొత్తం ముట్టాకే రిజిస్ట్రేషన్ చేసి తాళాలు ఇచ్చాను.

మూడు జాగ్రత్తలు మరువకండి. ఒకటి, ధర ప్రభుత్వ మార్కెట్ విలువ కంటే దిగితే స్టాంపు సుంకం ఆ విలువ మీదే పడుతుంది. తేడా పది శాతం దాటితే ఆదాయపు పన్ను లెక్కలోనూ ఆ విలువనే అమ్మకం ధరగా తీసుకుంటారు. రెండు, 2015 జూన్ 1 నుంచి ఇంటి బయానాగానైనా రూ. 20,000, ఆపైన నగదు పుచ్చుకోరాదు. పుచ్చుకుంటే అంత సొమ్మూ జరిమానా కావచ్చు. చెక్కు గాని, బ్యాంకు బదిలీ గాని అడగండి. మూడు, లింకు దస్తావేజులు, ఈసీ, ఇంటి పన్ను, నల్లా, కరెంటు రసీదులు ముందే ఒక ఫైలులో పెట్టండి. పైసా ఖర్చు లేని సౌకర్యం అదే.

సరైన ధర కొనేవాడిని మన గుమ్మం దాకా తెస్తుంది. అతని ఇబ్బంది తెలుసుకుని చేసే సాయం గుమ్మం దాటిస్తుంది. ఆ వరుస తప్పినందుకే నాకు రెండేళ్లు పోయాయి. డెబ్బై దాటినవాళ్లకు రెండేళ్లు చిన్న ధర కాదు.